పాతర మీది మూత

మా అక్క మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చేనాటికి నేను మరుగుదొడ్లు కట్టించే ఉద్యోగంలో ఉన్నాను. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా పూర్తిచేసి, కాంట్రాక్టు మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేరాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. పామిడి చుట్టుపక్కల పల్లెలు తిరగాలి. ఏ ఇంటికి ఎక్కడ గుంత తవ్వాలో చూసి ముగ్గుపిండితో గీత గీయాలి. సిమెంటు వరలు దించి, పైన బేసిన్ కూర్చోబెట్టి, గోడ లేచి తలుపు పడేదాకా దగ్గరుండి చూడాలి. చివర ఆ ఇంటివాళ్ళను తలుపు పక్కన నిలబెట్టి ఫోటో తీయాలి.

కట్టించినవాటిలో చాలావాటిని జనం వాడేవారు కాదు. వేరుశనగ పొట్టు నింపుకునేవారు, పిడకలు పేర్చుకునేవారు. ఒక ఇంట్లో మేకపిల్లల్ని కట్టేశారు. నేను ఊరి మధ్య అందరినీ కూర్చోబెట్టి, రోగాలు, ఈగలు, నీళ్ళు, ఆడవాళ్ళ ఇబ్బంది అని వరసగా వేళ్ళు మడుస్తూ చెప్పేవాణ్ణి. ఏ పనైనా వరస వేసుకోకుండా నాకు చేతకాదు.

ఒకరోజు అట్లా చెబుతుంటే ముందు కూర్చున్న ఒక ముసలామె నోట్లో వక్క ఇటునుంచి అటు మార్చుకుని అడిగింది.

"నువ్వు చెప్పేదంతా బాగానే ఉండాదప్పా. మీ అమ్మ యాడికి పోతాది?"

అందరూ నవ్వారు. నేను టేపు చుట్టుకుంటూ, "మా ఊరు వేరేలేమ్మా" అన్నాను.

"వేరే ఊర్లో కడుపులు గూడా వేరేగా ఉంటాయా ఏమి?"

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. మా ఇంట్లో మరుగుదొడ్డి లేదు. మా అమ్మ, మా అవ్వ, పెళ్ళయ్యేదాకా మా అక్క, అందరూ తెల్లవారకముందే చెంబు పట్టుకుని ఊరి వెనక వంకలోకి పోయేవాళ్ళే.

నేను ఇంట్లో అడగకపోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నాయనతో అన్నాను. నాయన మంచం మీదనుంచి లేవకుండానే తేల్చేశాడు.

"సర్కారోళ్ళు ఇచ్చే దొడ్డి మనకేమిటికిరా? లేనోళ్ళకు ఇయ్యి పో. ఒకే ఇంట్లో వండుకునేది ఈడ, అది గూడా ఈడ్నేనా? థూ."

అంతటితో ఆ మాట ఆగిపోయింది.

అక్కను కొత్తచెరువులో ఇచ్చాం. బావ అక్కడ మోటార్లకు వైండింగ్ చేస్తాడు. వాళ్ళ ఇంట్లో మరుగుదొడ్డి ఉంది, లోపలే కొళాయి ఉంది. తొమ్మిదో నెల పడగానే అక్కను పిలుచుకురావడానికి అమ్మా నేనూ పోతే, అక్క అత్తగారు చీర సారె చూసుకుని, తాంబూలం అందుకుని, "మా ఇంట్లో అన్ని అనుకూలాలూ ఉండాయి వదినా. అయినా మొదటి కాన్పు పుట్టింట్లోనే గదా జరగల్ల" అంది. 'అన్ని' అన్న మాటను ఆమె కొంచెం సాగదీసింది. బస్సులో అమ్మ కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

బావ ఆదివారం ఆదివారం చూడటానికి వచ్చేవాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మోటార్ సైకిల్ తాళం వేలికి తిప్పుతూ, "పామిడి దాకా పోయొస్తా మామా" అనేవాడు.

నాయనకు అర్థమయ్యేది కాదు. "ప్రతివారమూ పామిడిలో ఏం పనప్పా నీకు?" అని అడిగేవాడు. బావ నేల చూసేవాడు. అమ్మ వంటింట్లోనుంచి నాయన వైపు గుచ్చి చూసేది. అక్క తల తిప్పుకునేది. పామిడి బస్టాండులో మరుగుదొడ్డి ఉందని తెలిసిన నేను బయటికి వచ్చి, బాగానే ఉన్న నా సైకిల్ చైను సరిచేసేవాణ్ణి.

కాన్పు ఏర్పాట్లు మాత్రం నేను పద్ధతిగా చేస్తున్నాననే అనుకున్నాను. పక్క వీధిలో జీపున్న అతన్ని కలిసి, ఏ సమయానికి పిలిచినా రావాలని మాట తీసుకున్నాను. అక్కది ఏ రకం రక్తమో, దానికి ఊళ్ళో ఎవరిది సరిపోతుందో కనుక్కున్నాను. ఆసుపత్రి కాగితాలు, స్కానింగ్ ఫిల్ములు ప్లాస్టిక్ కవరులో వేసి గోడకు తగిలించాను. టార్చిలైటుకు కొత్త బ్యాటరీలు, ఫ్లాస్కు, సబ్బు. అమ్మ నాయన పాత పంచెలు ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, చతురస్రాలుగా చించి మడత పెట్టింది. అవ్వ తన మెత్తబడిన చీరలతో బొంత కుట్టింది. ఇంట్లో అందరం ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాం.

మంచినీళ్ళు తేవడం నా పని. ఇంటి బోరులో వచ్చేవి ఉప్పునీళ్ళు, కాళ్ళు కడుక్కోవడానికి తప్ప పనికిరావు. ఊరి బయట ట్యాంకు దగ్గర వరసలో నిలబడి, సైకిలుకు రెండు వైపులా బిందెలు కట్టుకుని తెచ్చేవాణ్ణి. అక్క మంచం పక్కన ఆమెకని వేరే ఒక కుండ పెట్టాను. రోజూ పొద్దున దాన్ని కడిగి కొత్త నీళ్ళు పోయాలని నియమం పెట్టుకున్నాను. పోయడానికి మూత తీస్తే, నిన్న పోసిన నీళ్ళు దాదాపు అంచుదాకా అట్లనే ఉండేవి. కుండ చల్లగా ఉంటే నీళ్ళు తగ్గవేమో, ఇంట్లోవాళ్ళు ఇంకో బిందెలోవి ఇస్తున్నారేమో అనుకున్నాను. కారణాలు వెతకడం నాకు బాగా వచ్చు.

అనంతపురంలో డాక్టరమ్మ స్కాను చూసి మొహం చిట్లించింది. "ఉమ్మనీరు తగ్గింది. నీళ్ళు బాగా తాగుతున్నావా అమ్మా?"

"తాగుతాండా మేడం" అంది అక్క.

"ఎంత తాగుతున్నావు?"

అక్క నావైపు చూసింది. నేను కవరు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. "బాగానే" అంది.

"ఒంటికి పోయేటప్పుడు మంట ఏమన్నా ఉందా?"

అక్క తల వంచుకుంది. నేను బయటికి వచ్చేశాను. తలుపు అవతలనుంచి డాక్టరమ్మ గొంతు మాత్రం వినిపిస్తూనే ఉంది. పది రోజుల తరువాత మళ్ళీ చూస్తానని, అప్పటికీ నీరు ఇట్లాగే ఉంటే వెంటనే ఆసుపత్రిలో చేర్చాలని, బిడ్డను ముందే ఆపరేషన్ చేసి తీయాల్సి రావచ్చని, బిడ్డ బరువు ఇంకా చాలదని ఆమె చెప్పింది. లోపల అమ్మ ఏడుస్తోంది.

ఇంటికి రాగానే నేను కుండలోనుంచి పెద్ద గ్లాసుతో నీళ్ళు ముంచి అక్క చేతికిచ్చాను. ఆమె అంచు పెదవికి ఆనించి కింద పెట్టింది.

"తాగు క్కా. డాక్టరమ్మ ఏం చెప్పిందో వింటివి గదా."

"తాగినాక?"

నాకు అర్థం కాలేదు. "తాగినాక ఏముంది?" అన్నాను.

అక్క నన్ను కాసేపు అట్లనే చూసింది. చిన్నప్పుడు లెక్క తప్పు చేసినప్పుడు అట్లా చూసేది.

"తాగినాక యాడికి పోవల్ల? చెప్పు. కంపచెట్లన్నీ బొగ్గులకు కొట్టుకపోయినారు. వంక దాకా నడవల్ల. పొద్దున్నే రోడ్డు మీద లారీ వస్తే లైటు నేరుగా మీద పడుతుంది. లైటు పడితే లేచి నిలబడల్ల. నాకు లేయడానికి అయితాదా? అమ్మ రెండు చేతులూ పట్టుకుని లాగితే గదా నేను లేచేది. మళ్ళా మాపటేళ చీకటి పడేదాకా ఉగ్గబట్టుకోని ఉండల్ల. తాగితే ఎట్లప్పా ఉండేది?"

ఆమె గొంతు పెంచలేదు.  'ఆడవాళ్ళ ఇబ్బంది' అని నేను పల్లె పల్లెలో చెబుతూ మడిచే వేలు నాకే కనిపించింది. ఆ వేలు వెనకాల ఏముందో నాకు అప్పటిదాకా తెలియదు.

మరుసటి రోజు సెలవు పెట్టాను. పెరట్లో ఒక మూల చూసుకుని, ముగ్గుపిండి తీసుకుని గుండ్రంగా గీత గీశాను. పలుగూ పారా తీసేసరికి అమ్మ పరుగెత్తుకుని వచ్చి ఆ గీతను కాలితో చెరిపేసింది.

"ఏం పనిరా ఇది? కడుపుతో ఉండే మనిషి ఇంట్లో ఉంటే గుంత తీస్తారా ఎవురన్నా?"

"దొడ్డికి మా."

"దేనికైనా గానీ. గుంత తీయకూడదు, పునాది ఎత్తకూడదు, చూరు విప్పకూడదు. కాన్పయినాక ఏమన్నా చేసుకో."

"తీస్తే ఏమయితాది?"

అమ్మ చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. "మనుషులు గుంత దేనికి తీస్తారో తెలీదా నీకు? నా నోటితో చెప్పించొద్దు."

అప్పుడు నాకు కొన్ని ఇళ్ళు గుర్తుకు వచ్చాయి. నేను గీత గీస్తుంటే, "ఇప్పుడొద్దప్పా, రెండు నెలలు పోనీ, మా కోడలు..." అని మధ్యలో ఆపేసిన ఇళ్ళు. ఆ ఇళ్ళ పేర్లకు ఎదురుగా నేను 'నిరాకరించారు' అని రాసి ఆఫీసులో ఇచ్చాను. ఎందుకని ఒక్కరినీ అడగలేదు.

మధ్యాహ్నం అందరం వసారాలో కూర్చున్నాం. నాయన మంచం మీద, అవ్వ గోడకు ఆనుకుని చాప మీద. అవ్వ నాయనకు తల్లి. పళ్ళు లేవు గనక చిన్న ఇనప రోట్లో ఆకూ వక్కా దంచుకుని తింటుంది. నేను అక్కను మళ్ళీ కొత్తచెరువుకు పంపిద్దామన్నాను. అక్కడైతే ఇబ్బంది లేదు, అనంతపురానికి బస్సులు ఉన్నాయి అని వరసగా చెప్పబోయాను.

నాయన మధ్యలోనే అందుకున్నాడు. "కాన్పుకని తెచ్చుకున్న ఆడబిడ్డను వెనక్కి పంపితే నా మొగం యాడ పెట్టుకోవల్ల? మా ఇంట్లో చెంబట్టుకపోను చోటు లేక పంపిచ్చినామని చెప్పల్లనా వాళ్ళకు?"

 అవ్వ రోట్లో బండ టకటకమంటోంది. ఆ చప్పుడు ఆగింది.

"గుంత తీయొద్దనే గదా మీరనేది?" అంది అవ్వ. "తీసిన గుంత ఉండాది గదా ఇంట్లో. దానికేమొచ్చె?"

మొదట ఎవరికీ తట్టలేదు. తరువాత అందరం ఒకేసారి వాకిలి వైపు చూశాం. కొట్టం గోడ పక్కన, నాయన మంచానికి ఎదురుగా, నేలకు సమంగా పరిచిన రాతి బండ. దాని కింద మా జొన్నల పాతర.

పాతర అంటే నేలలో తవ్విన ధాన్యపు గుంత. మూతి ఒక మనిషి దిగేటంత, లోపల కడుపు పెద్ద బానలాగా వెడల్పు. అడుగునా చుట్టూరా జొన్నసొప్ప పరిచి, జొన్నలు పోసి, మూతి మీద బండ వేసి మట్టితో మెత్తుతారు. ఏళ్ళు గడిచినా గింజ చెడదు. మా తాత తవ్వించాడట. ఊళ్ళో కరువు వచ్చినప్పుడు మా పాతర ఎప్పుడు తీస్తారా అని జనం వాకిట్లో నిలబడేవారని నాయన చెప్పేవాడు. మమ్మల్ని 'పాతరోళ్ళు' అనేవారు. తరువాత జొన్న మాని అందరూ వేరుశనగకు పోయారు, మేమూ పోయాం. వానలు మొహం చాటేశాయి. నేను బడిలో ఉన్నప్పుడు ఆఖరిసారి తీశారు, ఆ పైన నింపలేదు. అయినా అమ్మ శుక్రవారం శుక్రవారం ఆ బండ కడిగి ముగ్గు వేస్తుంది, పసుపూ కుంకుమా పెడుతుంది. చెప్పులతో దాని మీద ఎవరూ నడవరు. నాయన మంచం అక్కడే ఎందుకు వేసుకుంటాడో అడగాల్సిన పని లేదు.

నాయన మెల్లిగా లేచాడు. టవలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"నీకు తెలిసే మాట్లాడుతాండావా మా?" అన్నాడు అవ్వతో.

"తెలిసే. దాంట్లో దిగి జొన్నలు ఎత్తిచ్చింది నేను గాదా? మీ నాయన మీసం తిప్పుకుంటా పైన నిలబడినాడు. దాని సంగతి నాకు చెప్పొద్దు."

నాయన చెప్పులు వేసుకుని చేను వైపు పోయాడు. సాయంత్రం వచ్చి అన్నం తిని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు అక్క మొహం చూడాలంటే సిగ్గు, నాయన మొహం చూడాలంటే ఇంకో రకం సిగ్గు. మా తాత తవ్వించిన పాతరలో మరుగుదొడ్డి పెట్టాలని మనసులో అప్పటికే కొలతలు వేసేసుకున్నాను కాబట్టి.

మరుసటి తెల్లవారుజామున అక్కా అమ్మా వంకనుంచి తిరిగి వచ్చేసరికి వెలుగు వచ్చేసింది. నాయన వేపపుల్ల నములుతూ వాకిట్లో ఉన్నాడు. అక్క చీర మోకాళ్ళదాకా మట్టి. అంచుకు కంపముళ్ళు. మోచేయి గీసుకుపోయి రక్తం కారుతోంది. ఆమె నాయనను చూడగానే చేయి కొంగు కింద దాచుకుంది.

"ఏమైందిమా?" అన్నాడు నాయన.

"ఏం లేదు నాయనా. కాలు జారె."

యాడ జారింది అని నాయన అడగలేదు. అక్క గడప మీద కూర్చుని, వంగలేక, అంచులో ముళ్ళు అందుకోలేక అవస్థ పడుతుంటే నాయన వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కింద కూర్చున్నాడు. ఒక్కొక్క ముల్లూ తీసి పక్కన పెట్టాడు. అక్క "నేను తీసుకుంటాలే నాయనా" అంటూనే ఉంది. అన్నీ తీశాక నాయన లేచి, కొట్టంలోకి పోయి, గడ్డపార తెచ్చాడు.

"ఇట్ల వచ్చి ఆ పక్క పట్టుకో" అన్నాడు నాతో.

బండ లేపగానే ముక్కిపోయిన వాసన గుప్పున కొట్టింది. ఆ రోజంతా తెరిచే ఉంచాం. పాతరలో చెడ్డగాలి ఉంటుందని చిన్నప్పటినుంచి విన్నాను, ఆ గాలి పేరు కాలేజీలో చదివాను. ఆ మర్నాడు నాయన లాంతరు వెలిగించి తాడుకట్టి లోపలికి దించాడు. వంగి చూశాం. దీపం ఆరలేదు.

"నేను దిగుతా నాయనా."

"నువ్వెప్పుడు దిగినావు దీంట్లో? నీకు తెలీదు, పక్కకు జరుగు."

తాడు పట్టుకుని నాయనే దిగాడు. కుళ్ళిన సొప్ప గంపలో నింపి పైకి అందించాడు, నేను లాగి పోశాను. "చాలా?" "ఇంకా ఉండాది." లోపలినుంచి ఆయన గొంతు కుండలో మాట్లాడినట్టు వినబడేది. చివరి గంప వచ్చాక కూడా ఆయన వెంటనే పైకి రాలేదు. నేను పిలిచాను. "వస్తాండాలే" అన్నాడు. ఆపైన కూడా కాసేపటికి గానీ రాలేదు.

పైకి వచ్చి టవలు ముడి విప్పాడు. నల్లబడిన జొన్న గింజలు, గుప్పెడు కూడా లేవు. అవ్వ చేయి చాచింది. ఒక గింజ నోట్లో వేసుకుని, పళ్ళు లేని చిగుళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పింది.

"పాతర జొన్నే" అంది. "ఈ వాసనకు మొదట్లో ముక్కు మూసుకుంటారు. అలవాటయితే ఇంకో రొట్టె నోటికి పోదు."

నాయన నవ్వలేదు. కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి, నా దగ్గర నిలబడి, అంతకుముందు ఎన్నడూ లేనట్టు నన్ను ఒక మాట అడిగాడు. "మూత ఎంత మందం ఎయ్యల్ల?"

నేను వేళ్ళతో చూపించాను.

"ఇంకా మందం ఎయ్యి. నిండు చూలాలు కూచునేది."

కొత్తగా సిమెంటు పోస్తే అది గట్టిపడేదాకా ఆగాలి. డాక్టరమ్మ దగ్గరికి పోవాల్సిన రోజు దగ్గర పడుతోంది. అందుకని మందపాటి తాడిపత్రి బండలు తెప్పించి, మూతికి అడ్డంగా పక్కపక్కన పరిచి, మధ్యలో వదిలిన సందులో బేసిన్ కూర్చోబెట్టాను. ఒక పక్క కొట్టం గోడ ఉండనే ఉంది. మిగిలిన పక్కలకు పునాది లేకుండా బండల మీదనే ఇటుకలు పేర్చి కట్టాను. అమ్మ ప్రతి ఇటుకకూ వచ్చి చూసిపోయేది, నేల మీద పార పడుతుందేమోనని. "ఇది కట్టడం గాదులేమే, పాతరకు మూత మార్చడం" అని అవ్వ సర్దిచెప్పింది. అక్క లేచేటప్పుడు పట్టుకోవడానికి గోడకు ఒక ఇనపకడ్డీ బిగించాను. రేకు తలుపు పెట్టాను. లోపల ఉప్పునీళ్ళ తొట్టి, పక్కన చెంబు. ఎదురుగా నిలబడి చూసుకుంటే, నేను కట్టించినవాటిలో ఇంత పద్ధతైనది ఇంకొకటి లేదనిపించింది.

ఆ సాయంత్రం అక్క దాంట్లోకి పోలేదు. చీకటి పడ్డాక అమ్మ చేయి పట్టుకుని ఎప్పటిలాగే వంక వైపే పోయింది. పొద్దున కుండ మూత తీశాను. నీళ్ళు అంచుదాకా ఉన్నాయి.

సిమెంటు వాసన పోలేదేమో, అలవాటు కావాలేమో అనుకున్నాను. మళ్ళీ కారణాలు. పగలంతా చూశాను. అక్క ఒకసారి లేచి తలుపుదాకా వచ్చి, వాకిట్లోకి చూసి, మళ్ళీ పోయి పడుకుంది. లోపల అమ్మతో అంటున్న మాట కిటికీలోనుంచి వినబడింది.

"చీకట్లో పోతే ఎవురికీ తెలీదుమా. ఇదైతే నాయన మంచం ముందరనుంచి నడిచి పోవల్ల. లోపల చెంబు పెట్టినా వినపడుతుంది. పోయేటప్పుడూ చూస్తాడు, వచ్చేటప్పుడూ చూస్తాడు. నాకు సిగ్గయితాది."

నేను వసారాలోకి వచ్చి, నాయన మంచం పట్టె మీద కూర్చుని చూశాను. రేకు తలుపు నా మొహానికి నేరుగా ఉంది. తెరిస్తే లోపల మనిషి పాదాలు కనబడతాయి. తలుపు అటు ఎందుకు పెట్టానో ఆలోచించాను. నేను అన్నిచోట్లా తలుపు వాకిలి వైపే పెట్టిస్తాను. ఆఫీసుకు పంపే ఫోటోలో తలుపూ, దాని పక్కన ఇంటివాళ్ళూ కనబడాలి. వెనక వైపు పెడితే ఫోటోకు చోటు చాలదు. మా ఇంట్లో ఫోటో తీసేది లేకపోయినా నా చేయి అలవాటుగా అటే పెట్టేసింది. పొట్టు నింపుకున్న ఆ ఇళ్ళన్నీ, వాకిట్లో మంచాల మీద కూర్చున్న మామలూ బావలూ ఒక్కొక్కరే కళ్ళముందుకు వచ్చారు. ఆ ఇళ్ళలోని కోడళ్ళకు నేను ఈగల గురించి చెప్పి వచ్చాను.

లేచి సుత్తి తెచ్చాను. గోడ కొట్టి తలుపు వెనక వైపుకు తిప్పాలి. నా మీద నాకే ఎంత కోపం వచ్చిందంటే, ముందు ఏ ఇటుక తీయాలో కూడా చూసుకోకుండా సుత్తి ఎత్తాను. నాయన అప్పుడే చేనునుంచి వచ్చాడు.

"ఏమిటికి కొడతాండావు?"

 "తలుపు... ఈ పక్కన ఉంటే..." అని ఆగి, ఆయన మంచం వైపు చూశాను. నాయన నా చూపు ఎటు పోయిందో చూశాడు. తలుపు చూశాడు. లోపల అక్క పడుకున్న గది కిటికీ చూశాడు. ఆయన మెడ ఎర్రబడటం నేను చూశాను. మంచం మీది దుప్పటి మడిచి చంకలో పెట్టుకున్నాడు. మంచం నిలువుగా ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు.

"యాడికిరా మంచమెత్తుకోని?" అంది అవ్వ చాప మీదనుంచి.

"ఈడ గాలి రాలేదు. బయట ఏసుకుంటా."

"బయట మాత్రం వస్తాందా? చెట్టు మీద ఆకు కదల్లేదే."

"వస్తాదిలే."

అవ్వ ఒక్క క్షణం ఆయన్ను చూసింది. తరువాత రోలు ఒళ్ళో పెట్టుకుని, "అయితే నా చాప గూడా పట్టకపో. నాకూ గాలి గావల్ల" అని గోడ పట్టుకుని లేచింది.

నేను సుత్తి పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. నాయన వాకిలి దాటి వెనక్కి తిరిగాడు. "నీకేం పని ఆడ? నువ్వూ రా."

ముగ్గురం వీధిలో, ప్రహరీ గోడకు అవతల, వేపచెట్టు కింద కూర్చున్నాం. ఎండ ఇంకా దిగలేదు, చెట్టుకు నీడ అంతంతే. దారిన పోయే ఒకాయన సైకిలు ఆపి, "ఏమన్నా, ఈ ఎండలో బయట కూచున్నావు?" అన్నాడు.

"గాలికి" అన్నాడు నాయన.

అతను చెట్టు పైకి చూసి, నాయనను చూసి, వెళ్ళిపోయాడు.

గోడ అవతల రేకు తలుపు నేలకు రాసుకుంటూ తెరుచుకున్న చప్పుడు వినబడింది. ముగ్గురం వీధి వైపే చూస్తున్నాం. నాయన గొంతు సవరించుకున్నాడు. ఆయన రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. ఇప్పుడు ఉన్నట్టుండి గట్టిగా, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు మొదలు పెట్టాడు.

"ఈసారి వాన పడితే శెనక్కాయ ఎయ్యను మా. కొర్ర ఎయ్యల్ల, జొన్న ఎయ్యల్ల. విత్తనం యాడ దొరుకుతుందో ఏమో! గుత్తి పక్క అడిగి చూడల్ల. నువ్వేమంటావు?"

"యాల అరుస్తావురా, నాకు వినపడుతుంది" అని, మరుక్షణం అవ్వకు అర్థమైంది. ఆమె కూడా గొంతు పెంచింది. "ఆ, గుత్తి పక్క అడుగు! వాళ్ళకాడ ఉంటాది!" అని, వక్క రోట్లో వేసి అవసరం లేనంత గట్టిగా దంచడం మొదలు పెట్టింది.

చెంబు చప్పుడు మాకెవరికీ వినబడలేదు.

మర్నాడు పొద్దున కుండ మూత తీస్తే నీళ్ళు సగానికి కింద ఉన్నాయి. ఆ మర్నాడు అడుగున రెండు గ్లాసులు ఉన్నాయి. తరువాతి రోజు నేను మూత తీయకముందే అక్క లోపలనుంచి కేకేసింది. "రేయ్, కుండ నింపిపోరా. రాత్రికే అయిపోయినాది."

డాక్టరమ్మ స్కాను చూసి, "నీరు పెరిగింది. నొప్పులు వచ్చేదాకా ఇంట్లోనే ఉండొచ్చు" అంది. అక్క బస్టాండులో నిమ్మకాయ సోడా మొత్తం తాగి, ఇంకోటి కావాలంది. బస్సులో సగం దారినుంచే కాళ్ళు కదుపుతూ, అమ్మ చెవిలో ఏదో చెబుతూ కూర్చుంది.

బస్సు దిగి సందు తిరిగాం. నాయన వేపచెట్టు కింద మంచం మీద ఒక్కడే ఉన్నాడు. అక్క నడుస్తున్న తీరు దూరంనుంచే చూశాడు. డాక్టరమ్మ ఏమందని మమ్మల్ని అడగలేదు. మేము ఆయన్ను దాటి వాకిట్లోకి పోయేసరికి గోడకు వీపు తిప్పుకుని కూర్చున్నాడు. పక్కన మనిషి లేడు, వీధిలో కుక్క కూడా లేదు. అయినా గొంతు సవరించుకుని, గుత్తి పక్క జొన్న విత్తనం గురించి గట్టిగా మొదలు పెట్టాడు.